యెహెజ్కేలు గ్రంథము: అందలి తేదీల ప్రామాణ్యము

ప్రాచీన గ్రంథముల కాలనిర్ణయమున పరిశోధకునకు సాధారణముగా ఎదురగు కష్టము తేదీలు లేకపోవుట. హెబ్రీ ప్రవక్తయైన యెహెజ్కేలు పేర నిలిచిన గ్రంథము విషయమున కష్టము ఇందుకు విపర్యయముగా నున్నది. అందు తేదీలు కావలసినన్ని కలవు. వానిని నమ్మవచ్చునా యనునదే ప్రశ్న. నలువదియెనిమిది అధ్యాయములు, 1273 వచనములు గల యీ గ్రంథమున పదుమూడు పదునాలుగు చోట్ల ప్రవచనమునకు ముందు కాలము చెప్పబడినది. మొదటి తేదీ మన లెక్కకు క్రీ.పూ. 593 జూలై మాసాంతమునకును, అన్నిటికంటె తరువాతిది 571 ఏప్రిలు మాసమునకును సరిపడును. ఈ యిరువదిరెండేండ్ల నడుమనే యెరూషలేము పట్టణము కూలినది, సొలొమోను కట్టించిన దేవాలయము కాలినది, యూదారాజ్యము అంతరించినది.

ఈ తేదీలు నిజమైనచో బబులోను నేలమీద చెరయందుండి పలికినవాని సమకాలిక సాక్ష్యము, సంవత్సరము నెల దినములతో సహా, మనకు దక్కినట్లు. యిర్మీయా చెరవారికి లేఖ వ్రాసెను గాని ఆతడు వ్రాసినది యెరూషలేమునుండి. యెషయా గ్రంథపు ఉత్తరభాగము చెరకాలపుదే యని పండితులు పలువురు అంగీకరింతురు గాని అందు తేదీ యొక్కటియు లేదు. యెహెజ్కేలు తేదీలు కల్పితములైనచో చెరవారి జీవితమును గూర్చి లోపలినుండి వచ్చిన వాఙ్మయసాక్ష్యము మిక్కిలి పలుచనగును. ఇరువదవ శతాబ్దపు విమర్శకులు ఇన్ని యేండ్లు దీనిపై వాదించుటకు కారణమిదియే. ఈ వ్యాసమున సంజ్ఞానామములను వీలైనంతవరకు తెలుగు బైబిలునందలి రూపములతోనే వాడితిని.

ముందుగా తేదీల స్వరూపమును చూడవలెను. యెహెజ్కేలు బూజీ కుమారుడు, యాజకకులమువాడు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్రెజరు యెరూషలేమును ముట్టడించి యువరాజనదగిన వయస్సులో నున్న యెహోయాకీను రాజును, ప్రముఖులను, పనివారిని కొనిపోయినపుడు ఈతడును వారితో పోయెను. అటుపిమ్మట యెరూషలేమున సిద్కియా అను రాజు పదునొకండేండ్లు ఏలెను. అయినను గ్రంథమున ఎచ్చటను సిద్కియా పాలన సంవత్సరము లెక్కకు రాదు. 'మేము చెరలోనికి వచ్చిన యిన్నవ యేట' అనియో, 'యెహోయాకీను చెరపట్టబడిన యిన్నవ యేట' అనియో లెక్క నడచును. మన శాసనములయందు ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరములు చూచి అలవాటుపడిన కంటికి ఇది వింతగా తోచును. సింహాసనమునుండి దింపబడి, పరదేశమున బందీగానున్న రాజు పరాభవదినమునుండి శకము లెక్కించుట ఎట్టి సమాజమున పొసగును? ఆ రాజునే యింకను రాజుగా తలచు సమాజమున పొసగును. ఈ సంగతి ముందు మరల ప్రస్తావనకు వచ్చును.

గ్రంథారంభముననే మరియొక చిక్కు కలదు. మొదటి వచనము 'ముప్పదియవ సంవత్సరము' అనును. దేనికి ముప్పదియవదో చెప్పదు. రెండవ వచనము దానినే యెహోయాకీను చెర అయిదవ యేడని సరిచెప్పును. ముప్పది యనునది ప్రవక్త వయస్సని ఓరిగెను కాలమునుండి ఒక వ్యాఖ్య కలదు. యాజకులు ముప్పదవ యేట సేవకు అర్హులగుదురని ధర్మశాస్త్రమున నుండుటచే ఇది పొసగును. యోషీయా రాజు సంస్కరణ జరిగిన 622 నుండి లెక్కయని అరామిక్ అనువాదమైన తర్గూము చెప్పును. అదియు లెక్కకు సరిపోవును. రెంటిలో మొదటిదే సహజమని నాకు తోచుచున్నది.

ఈ గ్రంథముపై విమర్శ కొత్తది కాదు. యూద రబ్బీలకే ఇది ఇబ్బంది కలిగించినది. కడపటి తొమ్మిది అధ్యాయములలోని దేవాలయవిధులు మోషే ధర్మశాస్త్రముతో విభేదించుటచే గ్రంథమును మరుగుపరుపవలెనని ఒకప్పుడు తలపోయగా, హిజ్కియా కుమారుడైన హనన్యా అను పండితుడు మేడగదిలో కూర్చుండి, మూడువందల కొలతల దీపపు నూనె ఖర్చుపెట్టి రెంటికిని సమన్వయము కుదిర్చెనని తల్మూదు చెప్పును. ముప్పది యేండ్లు నిండనివారు దీని ఆద్యంతములను చదువరాదను నియమము యూదులలో కలదని జెరోము వ్రాసెను. కాని వీరెవ్వరును తేదీలను శంకింపలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో పాశ్చాత్య విమర్శకులు యెషయాను, పంచకాండములను ముక్కలుచేయుచున్నపుడు సైతము యెహెజ్కేలు జోలికి పోలేదు. 1880లో జర్మను పండితుడు రూడల్ఫ్ స్మెండ్ ఈ గ్రంథమునుండి ఒక భాగము తీసినను కట్టడము చెడునన్న అభిప్రాయము ప్రకటించెను. 1891లో ఆక్స్‌ఫర్డునందలి డ్రైవర్ పండితునకును ఇందలి కర్తృత్వము సందేహాస్పదముగా కనబడలేదు.

ఈ ప్రశాంతిని భగ్నము చేసినవాడు గుస్టావ్ హోల్షర్. 1924లో ఆతడు వెలువరించిన గ్రంథమున యెహెజ్కేలు ప్రధానముగా కవి యని, కవి ఛందస్సులో పాడునే గాని పొడి గద్యమున విధులు వ్రాయడని ఒక సూత్రము కల్పించుకొనెను. ఆ సూత్రముతో తూచగా 1273 వచనములలో ఇంచుమించు 170 మాత్రమే ప్రవక్తవిగా మిగిలినవి. ఏడింట ఒక వంతైనను కాదు. మిగిలినదంతయు తరువాతి సంపాదకులదట. కవి గద్యము వ్రాయడనుట ఎంత బలహీనమైన హేతువో చంపూకావ్యములను చదువుకొన్న తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1930లో యేల్ విశ్వవిద్యాలయాచార్యుడు టోరీ మరియొక అడుగు ముందుకు వేసెను. ఆతని మతమున ఇది క్రీ.పూ. 230 ప్రాంతమున యెరూషలేములో పుట్టిన కూటరచన. మనష్షే రాజు కాలపుదన్నట్లు తొలుత వ్రాయబడినది. ఆ మొదటి వచనపు ముప్పదియవ యేడు మనష్షే పాలనకు చెందినది. బబులోను, చెర, తేదీలు మరియొకడు పైనుండి అతికించిన వేషము. 1932లో హెర్న్‌ట్రిఖ్ ప్రవక్తను నిజమైనవానిగానే అంగీకరించి ఆతనిని యెరూషలేమునకు మార్చెను. ఇర్విన్ 1943లో ఇన్నూటయేబది పైచిలుకు వచనములను మాత్రమే మూలమని నిర్ణయించెను.

ఈ పండితుల సిద్ధాంతములు నేడు నిలువలేదు గాని వారి శంకకు మూలమైన ప్రశ్న తేలికది కాదు. బబులోనునందున్నవాడు యెరూషలేము వీథులలో జరుగుచున్నది చూచినట్లు ఎట్లు చెప్పెను? ఎనిమిదవ అధ్యాయమున ఆతడు ఇంట పెద్దల నడుమ కూర్చుండియే దేవాలయములోని విగ్రహారాధనను వర్ణించును. ఇరువదినాలుగవ అధ్యాయమున తొమ్మిదవ యేడు పదియవ నెల పదియవ దినముననే ముట్టడి మొదలైనదని, ఈ దినపు పేరు వ్రాసికొనుమని ఆతనికి ఆజ్ఞ కలుగును. నెలల ప్రయాణదూరమున ఉన్నవానికి నాడే తెలియుట యెట్లు? ఆ అధ్యాయముననే ఆతని భార్య హఠాత్తుగా మరణించుట, కన్నీరు విడువకుండుమని ఆతనికి ఆజ్ఞ యగుట చెప్పబడినవి. ఉదయము జనులతో మాటలాడితిని, సాయంకాలమున ఆమె చనిపోయెనను భావముగల ఆ రెండు మూడు వాక్యములలో ఒక్క విశేషణము లేదు. విశ్వాసి దీనికి దైవావేశమును హేతువుగా చూపును. చరిత్రకారుడు వేరొక దారి వెదకవలెను. అదే తేదీ రాజుల రెండవ గ్రంథమునను అదే రూపమున ఉండుటచే ఈ యొక్కచోట తేదీ అటనుండి తరువాత సవరింపబడినదేమో యని శంకించుటకు తావు కలదు. ఈ శంకను నేను కాదనను. కాని ఒక తేదీపై శంక అన్నిటిపై శంక కాదు.

ఇక భూగర్భమునుండి వచ్చిన ఆధారములు. యెహెజ్కేలు నివాసము కెబారు నదియొద్ద, తేలాబీబు అను చోట. 1893లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము వారు దక్షిణ మెసపొటేమియాలోని నిప్పూరు దిబ్బలను త్రవ్వగా మురషూ అను కుటుంబమువారి వ్యాపారపత్రములు, ఏడువందలకు పైబడిన మట్టిపలకలు, ఒక్క గదిలో దొరకినవి. హిల్‌ప్రెఖ్ట్, క్లే అనువారు 1898లో వానిలో కొన్నిటిని ప్రకటించిరి. వానియందు నారు కబరు అను పెద్ద కాలువ పేరు కలదు. అక్కాదు భాషయందు నారు అనగా నదియు, కాలువయు కూడ. తేలాబీబు అను పేరు హెబ్రీయున వెన్నుల దిబ్బ యని అర్థమిచ్చును గాని అక్కాదున తిల్ అబూబి, ప్రళయపు దిబ్బ, అనగా మన పల్లెలలో పాటిదిబ్బ యనుకొనునట్టి పాడుపడిన పాత ఊరి మిట్ట. చెరవారిని పాడుదిబ్బలపై కాపురముంచి సేద్యము చేయించుట బబులోను రాజుల పద్ధతికి అనుగుణమైనదే. మురషూ పత్రములు చెరకు శతాబ్దముపైన గడచిన తరువాతివి. అయినను అందు యూదుల పేరులు అనేకములు కలవు.

రెండవ ఆధారము ఇంతకంటె సూటియైనది. జర్మను పురావస్తుశాస్త్రజ్ఞుడు కోల్డెవై 1899 మొదలు 1917 వరకు బబులోనును త్రవ్వెను. రాజప్రాసాదమున కమానుల కట్టడములో దొరకిన కొన్ని పలకలు బెర్లినులో చిరకాలము చదువబడక పడియుండెను. 1939లో వైడ్నర్ వానిని ప్రకటించెను. అవి రాజు కొట్టునుండి బందీలకు, పరదేశపు పనివారికి ఇచ్చిన నూనె మున్నగువాని చిట్టాలు. అందు యూదా దేశపు రాజైన యెహోయాకీనునకును, ఆతని అయిదుగురు కుమారులకును కొలిచి యిచ్చిన నూనె లెక్క కలదు. ఒక పలక తేదీ క్రీ.పూ. 592, అనగా కెబారు నదియొద్ద మొదటి దర్శనమునకు మరుసటి యేడు. పట్టుకొనిపోయిన రాజునకు పట్టుకొన్నవాని గుమాస్తాయే 'రాజు' అను బిరుదమును విడువలేదు. అట్టిచో ఆతని చెరవత్సరమునుండి చెరవారు లెక్కించుకొనుటలో వింత యేమున్నది? ఆల్బ్రైట్ 1942లో ఈ పలకలపై వ్రాయుచు యెహెజ్కేలు తేదీల పద్ధతికి ఇవి సమర్థనమని చూపెను. మూడవది బ్రిటిషు మ్యూజియమునందలి బబులోను వృత్తాంతపు పలక. 1956లో వైజ్‌మన్ దానిని ప్రకటించెను. నెబుకద్రెజరు ఏడవ యేట యూదా నగరమును ముట్టడించి, అదారు మాసము రెండవ దినమున పట్టుకొని, రాజును బంధించి, తన కిష్టుడైన వేరొకనిని రాజుగా నియమించెనని అందున్నది. ఆ దినము క్రీ.పూ. 597 మార్చి 16. యెహెజ్కేలు శకమునకు ఆరంభబిందువు ఈ విధముగా దినముతో సహా శత్రువుల లెక్కనుండియే తేలినది.

2014లో పియర్స్, వున్ష్ అను విదుషీమణులు మరియొక పలకల సంపుటమును వెలువరించిరి. వానిలో మొదటిది క్రీ.పూ. 572 నాటిది, యూదుల ఊరు అను పేరుగల గ్రామమును పేర్కొనును. తరువాతి పలకలలో ఆ ఊరు ఆల్ యాహూదు. అందు పన్నులు, ధాన్యము, అప్పులు, సేద్యపు ఒడంబడికలు కలవు. యెహెజ్కేలు చివరి తేదీకి ఏడాది ముందటి పత్రము దొరకుట గొప్ప సంగతి. అయితే ఈ పలకలు శాస్త్రీయముగా త్రవ్వి తీసినవి కావు, పురావస్తు విపణినుండి వచ్చినవి. కావున ఎచ్చటివో కచ్చితముగా స్థలము చూపుటకు వీలులేదు.

ఈ ఆధారముల బలమును మించి చెప్పరాదు. ఉత్సాహవంతులు కొందరు పలకలు దొరకుటతోనే టోరీ వాదము ఖండితమైనదని వ్రాసిరి. నిజమునకు పలకలు రుజువు చేయునది రంగస్థలమును మాత్రమే: చెర కలదు, రాజు కలడు, కాలువ కలదు, యూదుల ఊళ్లు కలవు. గ్రంథములోని మాట ఆ రంగస్థలముననే పుట్టినదని అవి చెప్పజాలవు. బబులోను సంగతులు తెలిసిన కల్పకుడు తరువాతి కాలమున ఉండరాదా? ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథమునుండియే రావలెను. వచ్చునది ఒక విఫలప్రవచనమునుండి.

ఇరువదియారవ అధ్యాయము చెర పదునొకండవ యేటిది. నెల పేరు లేదు. సముద్రమధ్యమున ద్వీపముపై నున్న ఫొనీషియా వర్తకనగరమైన తూరు యెరూషలేము పతనమునకు సంతోషించెనని, కావున నెబుకద్రెజరు గుఱ్ఱములతో రథములతో దానిపైకి వచ్చి, గోడలు పడగొట్టి, వీథులు త్రొక్కి, సొమ్ము దోచి, నగరమును వలలారవేయు బోడిరాయిగా చేయునని అందు ప్రవచనము. జరిగినదేమి? నెబుకద్రెజరు ముట్టడించెను, ముట్టడి పదుమూడేండ్లు సాగెనని జోసీఫసు తెలుపును. తూరు చివరకు బబులోను ఆధిపత్యమునకు లొంగినది గాని నగరము నేలమట్టము కాలేదు, దోపిడి దక్కలేదు. ఇరువదితొమ్మిదవ అధ్యాయమున, చెర యిరువదియేడవ యేడు మొదటి నెల మొదటి దినము, అనగా 571లో, యెహెజ్కేలు మరల పలికెను. తూరుపై సైనికులందరి తలలు బోడియైనవి, భుజములు ఒరసికొనిపోయినవి, అయినను రాజునకుగాని సైన్యమునకుగాని కూలి దక్కలేదు. ఆ కూలికి బదులుగా ఐగుప్తు దేశము ఇయ్యబడునని ఆ మాట.

ఇట్టి భాగము కల్పకుని చేతినుండి వచ్చుట అసంభవము. క్రీ.పూ. 332లో అలెగ్జాండరు సముద్రమున కట్ట వేయించి తూరును నిజముగానే ధ్వంసము చేసెను. టోరీ చెప్పినట్లు 230 ప్రాంతమున వ్రాయుచున్నవానికి ఆ సంగతి లోకప్రసిద్ధము. పాత ప్రవక్త నోట ఆ విజయమును పలికించుట ఆతనికి ఎంత సులభము! కనీసము నెబుకద్రెజరు పేరైనను తీసివేయవచ్చును. ఆతడు ఆ పని చేయక, జరుగని జోస్యమును తొలుత వ్రాసి, అది జరుగలేదని పదునైదేండ్ల తరువాతి తేదీ వేసి ఒప్పుకొని, దానికి బదులుగా మరియొక జోస్యము చేర్చెననుట మనుష్యస్వభావమునకు విరుద్ధము. మీదు మిక్కిలి ఆ రెండవ జోస్యమును అక్షరాల నెరవేరలేదు. నెబుకద్రెజరు తన ముప్పదియేడవ యేట, 568 ప్రాంతమున, ఐగుప్తు రాజు అమాసిస్‌పై దండెత్తినట్లు ఒక భగ్నఫలకము తెలుపుచున్నది. కాని ఐగుప్తు నలువదియేండ్లు పాడై మనుష్యసంచారము లేక యుండెననుటకు చరిత్ర లేదు. ఈ ఒప్పుకోలును కూర్చినవారు దానిని కాలక్రమమున చివరకు త్రోయలేదు. ఐగుప్తు ప్రవచనములతో పాటు ఉంచి, క్రమము చెడినను తేదీని చెక్కుచెదరనీయలేదు.

గ్రంథమునకు తెలియనివియు సాక్ష్యములే. 561 ప్రాంతమున యెహోయాకీను చెరసాలనుండి విడుదలయై బబులోను రాజు పంక్తిని భోజనము చేసెనని రాజుల గ్రంథము చెప్పును. ఆతని పేర శకము లెక్కించిన ఈ గ్రంథమునకు ఆ సంగతి తెలియదు. 539లో బబులోనును గెలిచిన కోరెషు పేరు లేదు. 515లో ముగిసిన రెండవ దేవాలయము కడపటి అధ్యాయములలో కొలతలు వేసిన దేవాలయమువంటిది కాదు. మౌనమును ఆధారముగా కొనుట అపాయకరమని నేనెఱుగుదును. కాని మూడు మౌనములు ఒకే వైపు చూపుచున్నపుడు వానిని లెక్కింపక పోరాదు. కొన్ని తేదీలయందు నెల లోపించుటయు ఇట్టిదే. కల్పించువాడు నెలను కూడ కల్పించియుండును. ముప్పదిరెండవ అధ్యాయమున హెబ్రీ ప్రతిలో లేని నెలను ప్రాచీన గ్రీకు అనువాదము పూరించుట చూడగా, లోపములను పూడ్చుట లేఖకుల అలవాటనియు, హెబ్రీ ప్రతి ఆ అలవాటునకు లొంగలేదనియు తెలియును.

ఇంత మాత్రమున గ్రంథమంతయు యెహెజ్కేలు చేతివ్రాత యనరాదు. జిమ్మర్లి 1955 మొదలు 1969 వరకు భాగములుగా వెలువరించిన బృహద్వ్యాఖ్యానమున ప్రవక్త మాట చుట్టును శిష్యపరంపర చేర్పులు వలయములుగా పెరిగిన తీరును చూపెను. గ్రీన్‌బర్గ్ 1983లో, 1997లో వెలువడిన సంపుటములలో గ్రంథమును ఉన్నదున్నట్లు ఒక్క మనస్సు సృష్టిగా చదివెను. ప్రతుల సాక్ష్యము మొదటివానికి కొంత అనుకూలము. ఐగుప్తునందు దొరకిన 967 సంఖ్యగల గ్రీకు పపైరసు క్రీస్తుశకము రెండు మూడు శతాబ్దులది. అందు ముప్పదియారవ అధ్యాయపు చివరి భాగము లేదు; ఎండిన యెముకల దర్శనముగల ముప్పదియేడవది గోగు యుద్ధపు అధ్యాయముల తరువాత నున్నది. యాదిన్ 1963 నుండి 1965 వరకు మసాదా కోటను త్రవ్వగా బయటపడి 1999లో తల్మోన్ ప్రకటించిన హెబ్రీ చుట్టలో మాత్రము ఆ భాగము ఉన్నది. అధ్యాయముల వరుస నేటిదే. అనగా రెండు కూర్పులు ఒకప్పుడు ప్రచారమున నుండినవి. కుమ్రాను పదునొకండవ గుహలో ఈ గ్రంథపు చుట్ట యొకటి దొరకినది గాని అది రాయివలె గట్టిపడి విప్పుటకు వీలులేకపోయెను.

తేదీలకు సంబంధించినంతవరకు మిగిలియున్న చిక్కు ముప్పదిమూడవ అధ్యాయమునందలిది. యెరూషలేమునుండి తప్పించుకొనినవాడొకడు వచ్చి పట్టణము కూలినదని చెప్పెను. పన్నెండవ యేడు పదియవ నెల అయిదవ దినము, అనగా 585 జనవరి. పట్టణము 587 వేసవిని కూలినదని లెక్కించినచో వార్త చేరుటకు పదునెనిమిది నెలలు పట్టినట్లు. ఎజ్రా అదే దారిని పరివారముతో నాలుగు నెలలలో నడచెను. ప్రాణభీతితో పరుగెత్తువానికి ఏడాదిన్నర యేల? 586 అని లెక్కించినచో అయిదారు నెలలే యగును. వృత్తాంతపు పలక 594తో తెగిపోవుటచే బబులోనువారి సాక్ష్యము ఇచ్చట సాయపడదు. హెబ్రీ ప్రతులలో కొన్నిటను, సిరియా భాషానువాదమునను 'పదునొకండవ యేడు' అను పాఠము కలదు. దానిని గ్రహించినచో 587 పక్షమువారికి కూడ కాలము సరిపోవును. హెబ్రీయున పదునొకండు, పన్నెండు అను పదములకు ఈ సందర్భమున భేదము 'అయిను' అను ఒక్క అక్షరము. అది లేఖకుని చేతిలో జారినదా, చిక్కును తీర్చుటకు తరువాతివారు చేర్చినదా యనునది పాఠపరిష్కర్తలు తేల్చవలసిన సంగతి. కఠినమైన పాఠమే ప్రాచీనమను సామాన్యసూత్రమును పట్టి పన్నెండునే నిలుపుకొని, పట్టణపతనమును 586గా గ్రహించుట మేలని నా యభిప్రాయము.